అంబటాళ్ల కుండ

మా అత్తగారి ఊళ్లో నర్సింగమ్మ అనే మనిషి నెత్తిమీద కుండతో పొద్దును నిలబెట్టిందని చెబితే మా మనవలు నవ్వుతారు. "పోయినసారి చెప్పినప్పుడు గంటసేపు నిలబెట్టింది, ఈసారి పూటంతానా తాతా?" అని నిలదీస్తారు. నిజమే. నా నోట్లో పడ్డ కథ నాలుగు రోజుల్లో ఒళ్లు చేస్తుంది. అందుకే ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. కాగితం మీద కోతలు కొంచెం సిగ్గుపడతాయి. ఎక్కడైనా సిగ్గుపడకపోతే మీరే కొంత తగ్గించి చదువుకోండి. ఒక్క ఆ మనిషిని మాత్రం తగ్గించకండి. ఆమె దగ్గర నేను ఏమీ కలపలేదు. కలపడానికి జాగా దొరకలేదు.

ఊరు పేరు గుండ్లపెంట. తిరుమలగిరికి నాలుగు కోసుల దూరం. పేరుకు తగ్గట్టు ఎటు చూసినా బండరాళ్ల గుండ్లే, ఒకదానిమీద ఒకటి ఎవరో ఆడుకుని వదిలేసినట్టుంటాయి. వాటి నడుమ దొర బావి, బావి కింద పన్నెండెకరాల వరి పొలం. పెళ్లైన కొత్తలో, అంటే పోలీసు యాక్షన్ జరిగిన పదకొండేళ్లకు, మొదటిసారి ఆ పొలం గట్టున నిలబడి మా బామ్మర్దిని "లంచ్ బెల్లు ఎప్పుడు కొడతారు?" అని అడిగాను. పాలమూరులో సిస్టరమ్మల దగ్గర చదువుకున్న నోరు మరి. అక్కడ పన్నెండు కాగానే ఇత్తడి గంట మోగేది, లేచి నిలబడి ప్రార్థన చేసి, డబ్బాలు విప్పేవాళ్లం.

మా బామ్మర్ది నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "గీడ గంట లేదు బావా. గామె కుండ దించితే అంబటాళ్లు" అని, దూరంగా గట్టు మీద నడిచివస్తున్న ఒక ముసలమ్మను చూపించాడు.

అంబటాళ్లు అంటే అంబలి తాగే వేళ. ఆ మెట్ట పల్లెల్లో పొద్దును గంటల్లో కోయరు. పొద్దు నడినెత్తికి చేరడమూ అంబటాళ్లే, వంగిన నడుములు లేపి గట్టెక్కడమూ అంబటాళ్లే, చంటిబిడ్డలు తల్లుల ఒళ్లోకి చేరడమూ అంబటాళ్లే. "అంబటాళ్లకు రా" అంటే భోజనానికి పిలిచినట్టు, "అంబటాళ్ల దాకా ఉండు" అంటే పని అప్పగించినట్టు. పొద్దున్నుంచి ఎవరి మనసులోనైనా తిరిగే మాట అదొక్కటే.

ఆ వేళను మోసుకొచ్చే మనిషి నర్సింగమ్మ. పొద్దున్నే వాడలో ప్రతి గడప ముందూ ఆగేది. ఇంటికో గురిగి చొప్పున అంబలి ఆమె పెద్ద కుండలోకి వచ్చిపడేది. ముప్పై మంది కడుపులు నిండే కుండ. దాన్ని చుట్టకుదురు మీద పెట్టుకుని, చెయ్యి వేయకుండా, గుండ్ల నడుమ ఇరుకు దారిలో పొలానికి నడిచి వచ్చేది. అక్కడ ఒక ఆచారం ఉంది. కుండ దానంతట అది కిందికి దిగకూడదు. పొలం తరఫు మనిషి ఎవరో ఒకరు లేచి వచ్చి, రెండు చేతులూ వేసి దించాలి. ఆ చేతులు పడ్డాయంటే పొలం ఆ పూటకు కూలివాళ్లను వదిలిపెట్టినట్టు. కుండ అడుగు నేలకు తగిలేదాకా మడిలో ఒక్కరూ నడుము ఎత్తరు.

నేను చూసేనాటికి ఆమెకు అరవై దాటాయి. మెడ ఎడమకు కొంచెం ఒరిగి ఉండేది. ఆ మెడ ఎందుకు ఒరిగిందో నాకు చెప్పింది మోట తోలే బుచ్చయ్య. బుచ్చయ్య నాకంటే పెద్ద కోతలరాయుడు. అతను చెప్పిన దాంట్లో మూడోవంతు తీసేసి, ఆమెను అడిగితే "గంతేం లేదు బిడ్డా, కొద్దిసేపు నిలవడ్డ" అన్నదానికి వంద రెట్లు కలిపి, నడిమధ్య నిజాన్ని పట్టుకున్నాను.

అది దొరల మీద సంఘం వాళ్లు తిరగబడ్డ కాలం. గుండ్లపెంట దొర రాత్రికి రాత్రి హైదరాబాదు వెళ్లిపోయాడు. ఆయన ఉన్నంతకాలం నాట్ల రోజుల్లో అంబటాళ్లు లేవు. తెల్లవారి మడిలో దిగితే చీకటి పడ్డాకే గట్టు. దొర పోయిన రెండేళ్లూ కూలివాళ్లు మొదటిసారి పగటిపూట కూర్చుని అంబలి తాగారు. ఆ కుండ అప్పుడు పుట్టిందే. దొర పొలాలు చూసే ఐలేశం ఊళ్లోనే మిగిలాడు. గాలి ఎటు వీస్తే అటు తిరిగే మనిషి. ఆ రెండేళ్లూ రోజూ వచ్చి కుండకు చేతులు వేసింది అతనే. "వదినె, కుండ బరువున్నదా, నీ మొకమే బరువున్నదా?" అని హాస్యాలాడుతూ దించేవాడు. నర్సింగమ్మ చనిపోయిన భర్త మారయ్యా అతనూ ఒక ఈడువాళ్లు.

తర్వాత యూనియన్ మిలిటరీ వచ్చింది. దీపావళికల్లా దొర కాంగ్రెసు తెల్లటోపీ పెట్టుకుని దిగాడు. దొర ఉండే గడీ పక్కన మిలిటరీ క్యాంపు పడింది. సంఘం జెండా మోసిన వాళ్లను ఏరి జీపుల్లో ఎక్కించారు. నర్సింగమ్మ అల్లుడు యాదయ్య అట్లా నల్గొండ జైలుకు పోయాడు. అతని పెళ్లాం అండాలు మూడు నెలల ఆడబిడ్డతో తల్లి ఇంట్లో ఉంది.

పుష్యమాసంలో నాట్లు మొదలయ్యాయి. క్యాంపు పెద్ద ఒక జమాదారు, పేరు అప్పలస్వామి, విశాఖ దిక్కు సముద్రపు ఒడ్డు మనిషి. జనం దగ్గర నుంచి ఫిర్యాదులు రాకూడదని ఆయన దొరకు గట్టిగా చెప్పి ఉన్నాడు. దొర ఊరివాళ్లందరినీ గడీ ముందుకు పిలిపించి, జమాదారు వింటుండగా ఒక మాట అన్నాడు.

"నేను అంబటాళ్లు బందు పెడ్తలేను. ఎవల నోరూ కొడ్తలేను. మనిషి నీడ మనిషి కాళ్ల కిందికి వచ్చిందంటే గట్టెక్కుండ్రి, తాగుండ్రి. సూర్యభగవానుడే సాక్షి."

జమాదారు తల ఊపాడు. న్యాయంగానే ఉంది కదా. మిట్టమధ్యాహ్నం నీడ కాళ్ల కింద ఉంటుందని చదువుకున్న వాళ్లందరికీ తెలుసు. నాకూ తెలుసు, పరీక్షలో రాశాను కూడా.

కూలివాళ్లు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లకు ఇంకోటి తెలుసు. పుష్యంలో పొద్దు దక్షిణానికి దిగి నడుస్తుంది. నీడ ఎంత పొట్టిదైనా, ఎవరి పాదాలతో వాళ్లు కొలుచుకుంటే, ఐదడుగుల దగ్గర ఆగి మళ్లీ సాగుతుంది. కాళ్ల కిందికి రావాలంటే వైశాఖం రావాలి. ఆ మాట పైకి అనడానికి అండాలు నోరు తెరిచింది. పక్కామె చెయ్యి నొక్కింది. మొగుడు జైల్లో ఉన్న మనిషి దొర మాటకు ఎదురు చెబితే దాని పేరు సంఘం అవుతుంది.

అట్లా తొమ్మిది రోజులు గడిచాయి.

రోజూ అదే వేళకు నర్సింగమ్మ కుండతో వచ్చి గట్టున నిలబడేది. ఐలేశం గుండు మీద కూర్చుని చుట్ట కాలుస్తూ ఆమె నీడ కేసి చూపించేవాడు. "ఇంకా రాలే వదినె. జర ఓపిక వట్టు." ఆమె నిలబడేది. నీడ ఐదడుగుల దాకా వచ్చి, కాసేపు ఆగి, తిరిగి సాగేది. అప్పుడామె వెనక్కి తిరిగి, నిండు కుండతో ఊళ్లోకి నడిచిపోయేది. చేతులు పడని కుండను దించకూడదు. దించితే దొర మాట దాటినట్టు.

మడిలో ఆడవాళ్లు నారు పెడుతూ వెనక్కి వెనక్కి నడిచేవారు. ఆకలికి వాళ్లకు అలవాటుంది. తట్టుకోలేనిది వేరే. గట్టు మీద తుమ్మకొమ్మకు కట్టిన చీర తొట్టెల్లో చంటిబిడ్డలు ఉండేవాళ్లు. వరుసలో నుంచి ఒక్కరు లేస్తే వరుస చెడుతుంది కాబట్టి తల్లులు అంబటాళ్లకు గానీ పాలిచ్చేది లేదు. తొమ్మిది రోజులుగా అంబటాళ్లే లేవు. తొట్టెలు చూసుకునే ముసలమ్మ బెల్లం నీళ్లలో గుడ్డ ముంచి నోట్లో పెట్టేది. అండాలుకు పాలు గడ్డకట్టి జ్వరం తగిలింది. బిడ్డ ఏడుపు మొదటి రోజు మోట చప్పుడును మించి వినపడింది. తొమ్మిదో రోజుకు దగ్గరికి పోతే తప్ప వినపడలేదు. నాట్లు ఇంకా పన్నెండు రోజులున్నాయి. ఆ బిడ్డకు పన్నెండు రోజులు లేవని నర్సింగమ్మకు తెలుసు.

పదో రోజు ఆమె వచ్చి నిలబడ్డ కాసేపటికే జీపు చప్పుడైంది. జమాదారు ఇద్దరు సిపాయిలతో గట్టెక్కి వచ్చాడు. ఎవరో క్యాంపుకు చాడీ మోశారు: ఒక ఆడమనిషి రోజూ మిట్టమధ్యాహ్నం ఎత్తు గట్టు మీద కుండతో కదలకుండా నిలబడుతుంది, గుండ్లలో దాక్కున్న సంఘం వాళ్లకు అది సైగ అని. మోసింది ఎవరో బుచ్చయ్య చెప్పలేదు. చెప్పేటప్పుడు ఐలేశం కూర్చునే గుండు వైపు మాత్రం ఉమ్మేశాడు.

"ఏటమ్మా, రోజూ ఇక్కడ నిల్చుంటున్నావట. ఎవరికి సైగ చేస్తున్నావు?"

"ఎవలికి లేదయ్యా. పొద్దు కోసం జూస్తున్న."

"కుండలో ఏటుంది?"

"అంబలి."

"దించు. చూడాలి."

"దించరాదు."

మోట ఆగిపోయింది. బుచ్చయ్య ఆపలేదట, ఎద్దులే ఆగాయట. నేను ఆ ఎద్దులను తీసేద్దామనుకుని తీయలేకపోతున్నాను. ఒక సిపాయి తుపాకిని భుజం మీంచి చేతిలోకి తీసుకున్నాడు. జమాదారు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎందుకు దించకూడదు?"

"దించితే అంబటాళ్లయితది. అంబటాళ్లు కాలే."

"అంబటాళ్లంటే ఏటి?"

నర్సింగమ్మకు ఆ ప్రశ్న వింతగా తోచింది. ఇంత వయసొచ్చిన మనిషికి, బూట్లూ తుపాకీ ఉన్న మనిషికి, ఆ మాట తెలియకపోవడమా!

"నడుం లేపి ఇంత కడుపుల వోసుకునే యాళ్ల. పోరగాండ్లకు పాలిచ్చే యాళ్ల. మీ దిక్కు ఉండదా అయ్యా?"

"ఎందుకుండదు? బువ్వేళ అంటాం." జమాదారు గడియారం చూసుకున్నాడు. "పన్నెండు కావస్తోంది. అయ్యిందిగా మరి, దించు."

గుండు మీది నుంచి ఐలేశం లేచి వచ్చాడు. "నీడ ఇంకా కాళ్ల కిందికి రాలే సార్. దొర మాట గట్లున్నది. మీ ముంగటనే అన్నడు గద."

"అవును, నా ముందే అన్నారు. ఎంతసేపట్లో వస్తుంది?"

"వస్తది సార్. గిప్పుడే వస్తది. గీమెకు తొందరెక్కువ."

అప్పుడు నర్సింగమ్మ అన్న మాటలు ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. గొంతు పెంచలేదు. నెత్తిన కుండ ఉంటే గొంతు పెంచకూడదు, నీళ్లు తొణికినట్టు అంబలి తొణుకుతుంది.

"అయ్యా, నువ్వు జర గీడ నా పక్కన నిలవడు. నా నీడైతే, నాది సంఘం నీడ అంటరు, అబద్ధమాడ్తదంటరు. నీ నీడ జూద్దాం. అది నీ బూట్ల కిందికి వచ్చిందంటే నేను దొంగదాన్ని. కుండ ఆడ్నే ఇడిశిపెట్టి నీ జీపుల ఎక్కుత. రాకుంటే, ఎందుకు రాలేదో నువ్వే గీళ్లకు జెప్పు."

మడిలోంచి అండాలు "అమ్మా!" అని కేక పెట్టింది. మొగుడు జైల్లో ఉన్నాడు, ఇప్పుడు తల్లి తన కాళ్లతో తాను జీపు దగ్గరికి పోతోంది. నర్సింగమ్మ తల తిప్పలేదు. తిప్పే వీలూ లేదు.

"ఏం సార్‌ను ఎండల నిలవెడ్తవా? నీకు దిమాకున్నదా?" అన్నాడు ఐలేశం.

జమాదారుకు పౌరుషం వచ్చింది. "నిలబడతాను. యుద్ధంలో మూడు దినాలు నిల్చున్నవాణ్ణి. ఎంతసేపేటి?"

"అంబటాళ్ల దాకా" అంది నర్సింగమ్మ.

ఆయన నిటారుగా నిలబడి, నీడ తల ఎక్కడ పడిందో అక్కడ ఒక తంగేడు పుల్ల గుచ్చమని సిపాయికి చెప్పాడు. ఏ పని చేసినా మిలిటరీ పద్ధతిలో చేసే మనిషి. గడియారం చూసి కాసేపటికి ఇంకో పుల్ల, ఇంకో పుల్ల. మొదటి మూడు పుల్లలూ ఒకదాని కంటే ఒకటి దగ్గరగా వచ్చాయి. ఐలేశం మీసం దువ్వుకున్నాడు. జమాదారు కూడా నవ్వాడు. "వస్తోంది, చూశావా?"

నర్సింగమ్మ నిలబడే ఉంది.

ఆ నిలబడడాన్ని గురించి నేను ఎంతోమందిని అడిగాను. అందరూ ఒకటే అన్నారు: కుండ కదల్లేదు. ఆమె నుదుటి మీది చెమట ధారగా దిగి చెవి వెనక నుంచి మెడ మీదికి జారింది, తుడుచుకోలేదు. ఒక తూనీగ వచ్చి కుండ అంచు మీద వాలి, అది గుండో మనిషో తెలియక అక్కడే ఉండిపోయింది. బుచ్చయ్య లెక్కలో అది తూనీగ కాదు, కొంగ. గుడ్డు కూడా పెట్టింది. ఆ గుడ్డును నేను తీసేశాను. మడిలో ముప్పై మంది ఆడవాళ్లు వంగి నారు పెడుతూనే ఉన్నారు, ఒక్కరూ తలెత్తి చూడలేదు. కానీ ఆ పూట పెట్టిన నారు తాడు కట్టి పెట్టినట్టు వచ్చిందట. ఎవరి కళ్లూ చేతుల మీద లేవు. అందరి చెవులూ గట్టు మీదే. ఆ నిశ్శబ్దంలో తొట్టెలో బిడ్డ ఏడుపు మళ్లీ వినపడడం మొదలైంది, గుడ్డపేలిక చింపినట్టు సన్నగా.

నాలుగో పుల్ల ఐదడుగుల దగ్గర పడింది. ఐదో పుల్ల దాని పక్కనే పడింది. దగ్గరికి రాలేదు. పక్కకు జరిగింది.

క్యాంపు నుంచి ఒక సిపాయి పరుగెత్తుకుంటూ వచ్చాడు. "సార్, భోజనం తయారు. అందరూ మీ కోసం ఆగారు."

జమాదారు నీడ వైపు చూశాడు, కుండ వైపు చూశాడు. "నేను రాకూడదు. ఇంకా అవలేదు" అన్నాడు. అన్న తర్వాత ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆయనకు వింతగా అనిపించినట్టుంది. తొమ్మిది రోజులుగా ఆ మడిలో ముప్పై మంది వింటున్న మాట అది.

ఆరో పుల్ల ఐదో దాని కంటే దూరంగా పడింది. ఏడోది ఇంకా దూరంగా. పుల్లలు గుచ్చుతున్న సిపాయి లేచి నిలబడి, "సార్, ఇది వెనక్కి పోతంది" అన్నాడు, ఏదో దొంగ తప్పించుకుంటున్నట్టు.

జమాదారు వంగి తన బూట్ల వైపు చూసుకున్నాడు. వాటి చుట్టూ ఎండే ఉంది. పుల్లలు విల్లు వంగినట్టు పడమటి నుంచి తూర్పుకు నడిచి పోయాయి. ఏ ఒక్కటీ ఆయన కాళ్ల దగ్గరికి రాలేదు.

"ఏమయ్యా," అన్నాడు ఐలేశంతో, "నీడ ఎప్పుడొస్తుంది?"

"వస్తది సార్."

"ఎప్పుడు?"

ఐలేశం చుట్ట పారేశాడు. "వైశాఖంల."

మడిలో ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు వంగిన నడుముల మీదుగా ఈ చివర నుంచి ఆ చివరకు పాకింది. ఒక్కరూ తలెత్తలేదు. చేతుల్లో నారు ఆగలేదు.

"అంటే ఈవిడ నాలుగు నెలలు ఈ కుండ మొయ్యాలా!" జమాదారు మొహం ఎర్రబడింది. తనను సాక్షిగా నిలబెట్టి చేసిన మోసం అది. ఆయన ఐలేశాన్ని ఏమీ అనకుండా నర్సింగమ్మ ముందుకు వచ్చి రెండు చేతులూ చాచాడు. "దించమ్మా. నేను దించుతాను."

ఇక్కడ నేనైతే దించేసేవాణ్ణి. మీరూ దించేవారు. మెడ నరాలు తాళ్లలా లేచి ఉన్నాయి. పది గజాల దూరంలో మనవరాలి ఏడుపు. మిలిటరీ జమాదారు చేతులు చాచి నిలబడి ఉన్నాడు.

నర్సింగమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

"నువ్వు గాదయ్యా."

"ఏం?"

"నువ్వు ఇయ్యాల ఉంటవ్, రేపు ఇంకో ఊరికి వోతవ్. నీ చేతులు నీ యెంట వోతయ్. పొలం చెయ్యి వడాలె."

జమాదారుకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఆయన పక్కకు జరిగాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. మిలిటరీ వాళ్లు ఊరికే టోపీ తీయరని మా వాళ్లందరికీ తెలుసు.

"ఐలేశం," అంది నర్సింగమ్మ. "రెండేండ్లు దించినవ్. చేతులు మర్శిపోయినయా?"

ఐలేశం గడీ వైపు చూశాడు. దొర మేడ మీది కిటికీ అక్కడికి కనపడుతుంది. జమాదారును చూశాడు, మడిని చూశాడు. అతని భయం కూడా నిజమైనదే. ఆ చేతులు వేస్తే రేపు దొర ముందు నిలబడాల్సింది అతనే.

"దొరకేం జెప్పాలె వదినె?" అన్నాడు, చిన్నగా.

"పుష్యంల అంబటాళ్లు ఐదడుగులకు అయితదని జెప్పు. ఎవలన్న అడుగుతే, ఎండల నిలవడి కొలుసుకోమను."

"నేను కూడా అదే అన్నానని చెప్పు" అన్నాడు జమాదారు.

ఐలేశం వచ్చాడు. చేతులు రెండూ పంచెకు తుడుచుకుని కుండకు వేశాడు. ఇద్దరూ కలిసి వంగారు. కుండ అడుగు గట్టు మట్టికి తగిలిన చప్పుడు చాలా చిన్నది. కానీ ముప్పై నడుములు ఒక్కసారి లేచాయి. "అంబటాళ్లయ్యింది... అంబటాళ్లయ్యింది" అని మడిలో ఆ చివరి దాకా మాట పోయింది. అవతల మోట దగ్గర బుచ్చయ్య ఎద్దులను విప్పాడు.

అండాలు బురద కాళ్లతోనే పరుగెత్తింది. తొట్టెలోంచి బిడ్డను తీసి, గట్టు మీద అటు తిరిగి కూర్చుంది. పాలు గడ్డకట్టి ఉన్నాయి కదా, మొదట బిడ్డకు అందలేదు. తొట్టెల ముసలమ్మ వేడినీళ్ల గుడ్డ వేసి ఒత్తింది. ఎవరూ అంబలి ముట్టుకోలేదు. అందరూ దొప్పలు చేతుల్లో పట్టుకుని, అటు చూడకుండా, వింటూ నిలబడ్డారు. ఏడుపు ఆగి, గుటక వేసిన చప్పుడు వినపడింది. అప్పుడు నర్సింగమ్మ ముంత ముంచింది.

జమాదారు ఒక దొప్ప పట్టుకుని వరుసలో నిలబడ్డాడు. తాగి, "చోడంబలి!" అన్నాడు, ఊరివాడు కనపడ్డట్టు. రాగులు వాళ్ల దిక్కు చోళ్లు.

"మేం తైదలంటం. ఇంకింత వోసుకో" అంది నర్సింగమ్మ. ఆమె మెడ ఎడమకు ఒరిగి అట్లాగే ఉండిపోయింది. ఆ పూట ముంత ముంచడానికి కుండ వైపు మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పవలసి వచ్చింది. తను మాత్రం ఆఖరున, గట్టు మీద ఒరిగి పడుకుని, కూతురు నోటికి అందిస్తే తాగింది.

మర్నాడు జమాదారు లేడు. క్యాంపులో సగం మందిని తీసుకుని యాదగిరిగుట్ట వైపు పోయాడు. ఊరంతా ఆ పొద్దు కోసమే చూసింది. దొర రాత్రి ఐలేశాన్ని పిలిపించాడనీ, ఏదో అన్నాడనీ అప్పటికే అందరికీ తెలుసు. ఏమన్నాడో తెలియదు. అతను పొద్దున్నుంచి గుండు మీదే కూర్చున్నాడు.

నర్సింగమ్మ కుండతో వచ్చింది. మెడ ఒరిగినా కుండ నిటారుగానే ఉంది. ఆ కుదురు ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. గట్టున నిలబడి, చెప్పుల్లేని పాదాలతో తన నీడను మెల్లగా కొలిచింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. మడిలో నారు ఆగలేదు. ఎవరూ తలెత్తలేదు.

"ఐలేశం" అని పిలిచింది.

అతను చాలాసేపు కూర్చునే ఉన్నాడు. తర్వాత గుండు దిగాడు. గడీ వైపు చూడకుండా నడిచి వచ్చి, చేతులు తుడుచుకుని, కుండకు వేశాడు.